ముఖం ఒకరిది, గొంతు ఒకరిది

శ్రీనగర్ కాలనీ మెయిన్ రోడ్డు మీద సత్యసాయి నిగమాగమం దాటి ఎల్లారెడ్డిగూడ వైపో, కృష్ణానగర్ వైపో లోపలి వీధుల్లోకి మళ్లితే అపార్టుమెంట్ల కింది అంతస్తుల్లో, పాత ఇళ్ల మేడగదుల్లో డబ్బింగ్ థియేటర్లు, ఎడిటింగ్ గదులు తగులుతాయి. పొద్దుగూకాక తెలుగిళ్లలో కన్నీరు పెట్టే కోడళ్లకు మాట పుట్టేది ఇలాంటి చోట్లే. బొమ్మలో ఏడ్చే అమ్మాయిది బెంగళూరో కొచ్చినో అయి ఉంటుంది. ఆ పెదవుల కదలికను చూస్తూ మైకు ముందు వెక్కివెక్కి ఏడ్చే ఆవిడ మరొకరు. 2017 నుంచి 2023 దాకా 'కార్తీక దీపం'లో దీపగా ఇంటింటి ఆడపడుచు అయిపోయిన ప్రేమీ విశ్వనాథ్ మలయాళీ. ఆ కథకు మూలమైన 'కరుతముత్తు' కూడా మలయాళ సీరియలే. దీప కళ్లు ఆమెవి, తెలుగు గొంతు వేరొకరిది.

డబ్బింగును చిన్నచూపు చూడక్కర్లేదు. అదీ కష్టపడి నేర్చిన విద్యే. నా పేచీ అంతా సెట్ మీద జరిగే దానితోనే. డైలాగు కాగితం చాలాసార్లు ఆ పూటే చేతికొస్తుంది. షాట్ మొదలవగానే కెమెరా పక్కనున్న అసిస్టెంటు మాట అందిస్తాడు, నటి దాన్ని పట్టుకుని పలుకుతుంది. దీన్నే ప్రాంప్టింగ్ అంటారు. చెవి అటు, కళ్లు ఇటు పెట్టి ఏడవడం తేలికేమీ కాదు. అందుకు వాళ్లను మెచ్చుకోవాలి కూడా. కాకపోతే ఆ పద్ధతిలో యువనటికి అబ్బే విద్య భుజాల పైనుంచే మొదలవుతుంది. నడక, ఊపిరి, గొంతు ఆమె లెక్కలోకి రావు. 

ఈ కాలనీకి పడమరగా, శేరిలింగంపల్లిలో సురభి కాలనీ ఉంది. నటిని తయారుచేయడంలో తెలుగువాళ్లకు ఉన్న అతి పొడవైన అనుభవం అక్కడ కాపురముంటోంది. తోలుబొమ్మలాడించే కుటుంబానికి చెందిన వనారస గోవిందరావు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ' ఆడించారు. ఊరి పేరే నాటక సమాజం పేరైంది. పిల్లలు పెరిగి పెళ్లిళ్లయిన కొద్దీ సమాజం కొమ్మలు వేసి, ఒక దశలో ముప్పైకి పైగా బృందాలయింది. నేడు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే మిగిలాయి. శ్రీ వెంకటేశ్వర నాట్యమండలిని నడిపిన ఆర్. నాగేశ్వరరావు, అందరికీ బాబ్జీ, 2013లో పద్మశ్రీ అందుకున్నారు.

సురభి పేరెత్తగానే జనం ట్రిక్కులే తలుచుకుంటారు. 'మాయాబజార్'లో ఘటోత్కచుడి నోట్లోకి తమంతట తామే ఎగిరిపోయే లడ్డూలు, ఎదురెదురుగా దూసుకొచ్చి నడిమధ్యన నిప్పులు కక్కుతూ ఢీకొనే బాణాలు, మబ్బుల్లోంచి దిగే నారదుడు. ఇందులో దాచుకునే రహస్యమేమీ లేదు. వేదికకు అడ్డంగా కట్టిన సన్నని తీగలు, కప్పీలు, పక్కతెరల చాటున తాడు లాగే చేతులు. దర్బారు, వీధి, అడవి చేత్తో గీసిన తెరల మీద ఉంటాయి. క్షణంలో ఒకటి పైకి లేచి మరొకటి దిగుతుంది. మోటారు ఉండదు కనుక ప్రతి రాత్రీ తాడు లాగే మనిషి వేగం కాస్త మారుతుంది. నేను చెప్పదలచింది ఆ తాడు గురించి కాదు, దాని ముందు నిలబడే అమ్మాయి గురించి. బాణం ఒక్క క్షణం ఆలస్యమైతే ఆమె పద్యం చివర రాగాన్ని ఆ మేరకు సాగదీయాలి. తెర ముందే లేస్తే మాట కుదించాలి. హార్మోనియం వాయించే పెద్దాయన ఆమె ఊపిరిని కనిపెట్టుకుని ఉంటాడు, ఆమె చెవి అటు వేసి ఉంచుతుంది. ఇదంతా ఎవరో కూర్చోబెట్టి నేర్పిన పాఠం కాదు. నడక వచ్చీరాని వయసులో బాలకృష్ణుడుగా, కొన్నేళ్లకు లవుడో కుశుడో ప్రహ్లాదుడో అయి, యుక్తవయసులో శశిరేఖగా మారేలోపు ఒంటికి పట్టిన విద్య.

శశిరేఖ వేషం దగ్గర కాస్త ఆగాలి. ఘటోత్కచుడు మాయా శశిరేఖగా మారి పెళ్లివారిని ఆటపట్టించే ఘట్టంలో నటి ఒకే చీరలో ఇద్దరవుతుంది. పైకి సిగ్గుపడే పెళ్లికూతురు, లోపల రాక్షసుడు. నడకలో బరువు రావాలి, మళ్లీ ఎవరైనా చూసేసరికి ఆ బరువు మాయమవాలి. 1990లలో బి.వి. కారంత్ సురభి వారితో పనిచేసినప్పుడు బ్రెక్ట్ నాటకం ఒకటి తెలుగులో 'బస్తీ దేవత యాదమ్మ' అయింది. మూలంలో కథానాయిక మంచితనం చెల్లుబాటు కాక కరకు మనసు మగబంధువుగా వేషం మార్చుకుని తిరుగుతుంది. జర్మన్ నాటకమని సురభి నటి బెదిరిపోవాల్సింది ఏముంది? మాయా శశిరేఖను ఆడిన ఒంటికి అది తెలిసిన పనే.

ఇంకో సంగతి. తెలుగు నాటకరంగంలో చాలాకాలం ఆడవేషాలు మగవాళ్లవే. స్థానం నరసింహారావు సత్యభామ తీరు చూసి ఆడవాళ్లే నడక దిద్దుకున్నారని చెప్పుకుంటారు. ఆయనకు 1956లో పద్మశ్రీ వచ్చింది. ఆ గొప్పతనాన్ని కాదనను. కానీ అదే రోజుల్లో సురభి వేదిక మీద ఆడవేషం ఆడమనిషే వేసేది, తల్లీ కూతురూ కోడలూ ఒకే నాటకంలో కనిపించేవారు. ఆడపిల్ల నాటకాల్లో తిరగడమేమిటని లోకం ముక్కున వేలేసుకున్న కాలంలో ఆ అమ్మాయి సొంత కుటుంబం మధ్యే మేకప్ వేసుకుని, కుటుంబంతోనే గుడారానికి తిరిగివచ్చేది. ఆ రక్షణ వెనుక కట్టడి కూడా ఉంది. సమాజం వదిలి వేరే బతుకు ఎంచుకోవడం ఆ పిల్లలకు సులువు కాలేదు, చదువులూ అంతంతమాత్రమే సాగాయి.

ఆ గుడారంలోంచే సురభి కమలాబాయి వచ్చారు. హెచ్.ఎం. రెడ్డి తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో ఆమె లీలావతి. 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైన బొమ్మ అది. ప్లేబ్యాక్ అప్పటికి లేదు. పాట పాడేదీ, మాట పలికేదీ, కెమెరా ముందు నిలబడేదీ ఒకరే కావాలి. అలాంటి వాళ్లు ఎక్కడున్నారని వెతికితే సురభిలో సిద్ధంగా ఉన్నారు. 1951లో 'పాతాళ భైరవి'లో తోట రాముడి తల్లి ఆమే. కొడుకును తిడుతూనే వాడి కోసం కంగారుపడే ఆ ముసలమ్మ గొంతును ఒక్కసారి విని చూడండి. ఆ రెండు సినిమాల మధ్య నటికి వయసు వచ్చింది, విద్య మాత్రం పాతబడలేదు.

ఇంగ్లండులో నటిని తయారుచేసే పనిని నాటక విద్యాలయాలు చేస్తాయి. క్లెయిర్ ఫాయ్ ఆక్స్‌ఫర్డ్ స్కూల్ ఆఫ్ డ్రామాలో నేర్చుకున్న నటి. 2008లో బీబీసీ 'లిటిల్ డారిట్'తో టీవీలో నిలదొక్కుకుని, 2013లో లండన్ వేదిక మీద లేడీ మాక్‌బెత్ వేసింది. 2016లో 'ది క్రౌన్' ఆమెను ప్రపంచానికి రాణిగా చూపించాక కూడా, 2019లో ఓల్డ్ విక్ థియేటరుకు వెళ్లి ఇద్దరే నటులున్న 'లంగ్స్' ఆడింది. వెస్ట్ ఎండ్‌లో వారానికి 8 ఆటలు మామూలు. టీవీలో పేరొచ్చాక వేదికెక్కడం అక్కడ మెట్టు దిగడం కాదు. మన సీరియల్ నటి ఏడాది నాటకాలకు పోతానంటే పక్కవాళ్లు అయ్యో పాపం అంటారు. నెలంతా సాగే షూటింగు లెక్కల్లో ఆ మాట అనడానికి కూడా ఆమెకు తీరిక ఉండదు, అది వేరే విషయం.

పరభాషా అమ్మాయిలకు తెలుగు పలకదు, అందుకే డబ్బింగ్ అని నిర్మాతలు చెప్పే మాట నాకు నమ్మశక్యంగా లేదు. సురభి కుటుంబాల ఇంటి భాష ఆరె మరాఠీ. ఇంట్లో అది మాట్లాడుకుంటూనే తెలుగు పద్యాన్ని మైకు లేకుండా చివరి వరుసదాకా పంపారు. తెలంగాణ శకుంతలగారు మహారాష్ట్రలో పుట్టినవారే. నాటకాల్లో ఆరితేరి, 'మా భూమి'తో సినిమాకు వచ్చి, 2014లో కన్నుమూసేదాకా తెలంగాణ మాటకు తెర మీద ఆమె గొంతే గుర్తుగా నిలిచింది. భాష వాళ్లకు పుట్టుకతో రాలేదు, రిహార్సల్‌తో వచ్చింది. కన్నడ అమ్మాయికీ అలాగే వస్తుంది, కాగితం రెండు రోజుల ముందు చేతికిచ్చి, పక్కన కూర్చుని పలికించే మనిషిని పెడితే.

వేదిక గొంతును ఉన్నదున్నట్టు కెమెరా ముందుకు తెస్తే చెవులు దద్దరిల్లుతాయన్నదీ నిజమే. చివరి వరుసకు పంపే గొంతు వేరు, చొక్కాకు తగిలించిన మైకుకు సరిపోయే గొంతు వేరు. సురభి నుంచి వచ్చిన కొందరు నటులు మొదట్లో అతిగా కనిపించడానికి కారణం అదే. అయితే పెద్ద గొంతును తగ్గించడం వారాల పని. లేని గొంతును పుట్టించడానికి ఏళ్లు కావాలి. ఓటీటీ సిరీస్‌ల పుణ్యమా అని సెట్ మీదే మాట రికార్డు చేసే పద్ధతి తెలుగులోనూ కొద్దికొద్దిగా పెరుగుతోంది. ఆ పద్ధతికి ప్రాంప్టింగ్ పనికిరాదు, పక్కనుంచి మాట అందిస్తే అదీ రికార్డవుతుంది. నటికి ముందే మాట నోటికి రావాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలియాలి. ఇలాంటివాళ్ల కోసం వెతికే నిర్మాతకు శ్రీనగర్ కాలనీ నుంచి శేరిలింగంపల్లి ఏమంత దూరం కాదు, ట్రాఫిక్ దయతలిస్తే.