మొలకకు కర్త ఎవరు?

సంస్కృత పాఠశాలల్లో న్యాయశాస్త్రం సాధారణంగా తర్కసంగ్రహంతో మొదలవుతుంది. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు రాసిన చిన్న పుస్తకమది. జీవాత్మ, పరమాత్మ అని ఆత్మ రెండు విధాలని మూలం క్లుప్తంగా చెప్పి ముందుకు పోతుంది. మరి పరమాత్మ ఉన్నాడనడానికి ప్రమాణమేమిటని అడిగేవాడి కోసం, అన్నంభట్టే తన దీపిక వ్యాఖ్యలో ఒక అనుమానం (హేతువుతో తేల్చే నిర్ణయం) చూపించాడు: భూమి, మొలక మొదలైనవాటికి కర్త ఉన్నాడు, అవి పుట్టినవి కనుక, కుండలాగా.

మొదటిసారి విన్నప్పుడు నాకిది ఒక్క ప్రశ్నకే కూలిపోయేట్టు కనిపించింది. ఎవరూ విత్తకుండానే గట్టుమీద గడ్డి మొలుస్తుంది కదా, దానికి కర్త ఏడీ? గురువుగారు ఆ ప్రశ్నను కొట్టిపారేయలేదు. ‘‘ఆ గడ్డి కూడా పక్షంలోదే నాయనా! కర్త ఉన్నాడా లేడా అని తేల్చవలసినదాన్నే తెచ్చి, లేడనడానికి సాక్ష్యంగా నిలబెడితే ఎలా?’’ అన్నారు. హేతువు తప్పిందని చూపాలంటే వాది, ప్రతివాది ఇద్దరూ ఒప్పుకున్న చోటు చూపాలి. ఈ కట్టుబాటు ఆస్తికుడికీ ఉంది. అందుకే అతను ఉదాహరణకు కుండ దగ్గరికే పోవాలి.

అసలు పోరు శరీరం దగ్గర మొదలవుతుంది. కుమ్మరికి చేతులున్నాయి, మొలకను చేసినవాడికి లేవు. కాబట్టి ప్రతివాది ఎదురు అనుమానం వేస్తాడు: మొలకకు కర్త లేడు, శరీరం ఉన్నవాడివల్ల పుట్టలేదు కనుక, ఆకాశంలాగా. దీన్ని సత్ప్రతిపక్షం అంటారు. న్యాయశాస్త్రాన్ని అనుసరించే నైయాయికుడు ఆ హేతువును విప్పి చూస్తాడు. ఆకాశానికి కర్త లేకపోవడానికి అది పుట్టనే లేదన్న కారణం చాలు. ‘శరీరం ఉన్నవాడివల్ల’ అన్న విశేషణం అక్కడ చేసే పనేమీ లేదు. దాన్ని తీసేస్తే మిగిలేది ‘పుట్టలేదు కనుక’ అన్నదే; మొలకేమో పుట్టింది. పైగా దీపిక చెప్పే కర్తృలక్షణంలో శరీరం ఊసే లేదు. దేనితో చేయాలో ఆ ఉపాదానం ప్రత్యక్షంగా తెలియడం, చేయాలన్న కోరిక, ప్రయత్నం, ఈ మూడే ఉన్నాయి. ఈ లక్షణం ప్రకారం మొలకకు ఉపాదానమైన పరమాణువులు ఎవరికి ప్రత్యక్షమో అతడే కర్త కావాలి. ఈశ్వరుడి సర్వజ్ఞత్వానికి దారి పడేది ఇక్కడే.

ఇంత పదును ఊరికే రాలేదు. చీమలపుట్టా మట్టిదే, కుండా మట్టిదే. అంతమాత్రాన పుట్టను కుమ్మరి చేశాడంటామా అని బౌద్ధుడైన ధర్మకీర్తి నిలదీశాడు. 10వ శతాబ్దంలో మిథిలకు చెందిన ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలి రాసింది ఇలాంటి ప్రతివాదులను ఎదురుగా పెట్టుకునే. ఐదు స్తబకాల (అధ్యాయాల) ఆ గ్రంథంలో ముందు వాళ్ళ ఆక్షేపణలకు సమాధానాలు సాగి, చివరి స్తబకంలో గాని ఈశ్వరసాధకమైన హేతువులు వరసకట్టి రావు. అపనమ్మకానికి అంత చోటిచ్చిన భక్తిగ్రంథమంటే నాకు ఎనలేని గౌరవం.

అయినా నా సందేహం పూర్తిగా తీరలేదు. కుండ విషయంలో జ్ఞానం, కోరిక, ప్రయత్నం కనిపించిన ప్రతిచోటా చేతులు కూడా కనిపించాయి. మూడింటిని ఉంచుకుని నాలుగోదాన్ని వదిలేయడానికి లక్షణం ఒక్కటే చాలదనిపిస్తుంది. నాస్తికులే ఇలా అనుకుంటారనుకుంటే పొరపాటు. శ్రీభాష్యంలో రామానుజులు ఈ అనుమానాన్ని గట్టిగా ఖండించారు. కుండను చూసి కర్తను ఊహిస్తే కుమ్మరిలాంటి, శరీరం ఉన్న కర్తే తేలుతాడు. పైగా జగత్తంతా ఒక్కసారే పుట్టిందని, ఒక్కడే చేశాడని ఎలా చెప్పగలం? ఒక్కడనుకోవడమే లాఘవమని, అంటే తక్కువ కల్పనతో సరిపోతుందని నైయాయికుల సమాధానం. రామానుజులకు అది చాలలేదు. బ్రహ్మం విషయంలో ప్రమాణం శాస్త్రమే గాని అనుమానం కాదని తేల్చారు.