తాలు ఏరి తీసిన గురుడు

"ఏందిరా, ఇది నువ్వు తీసిందేనా, ఫోను గీసిందా?"

గురుగ్రహం బొమ్మ చూసి మా అమ్మ తన మనవణ్ణి అడిగిన మొదటి మాట ఇది. పల్నాడులోని ఈపూరులో మా చెల్లెలి ఇంట్లో, 2026 జనవరి రెండో వారంలో. ఎర్రటి పట్టీలు, వాటి అంచుల్లో మెలికలు, పక్కన ఒక చిన్న ఉపగ్రహం. మా మేనల్లుడు నొచ్చుకోలేదు. "తీసిందే అమ్మమ్మా. కాకపోతే ఒక్క ఫొటో కాదు, పన్నెండు వేలు" అన్నాడు. ఆమె అనుమానం ఇంకాస్త పెరిగింది. నాకూ పెరిగింది. మర్నాడు సాయంత్రం వాడి పక్కనే ఒక కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

దుర్బిణిని డాబా మీద పెట్టడనేది నేను గమనించిన మొదటి సంగతి. పగలంతా ఎండ తాగిన శ్లాబు రాత్రి సగం గడిచేదాకా వేడి వదులుతూనే ఉంటుంది. ఆ వేడిగాలి పైకి లేచి, పొయ్యి మీద నుంచి చూసినట్టు దృశ్యాన్ని కదిలిస్తుంది. అందుకే పెరట్లో మట్టి నేల. అదీ పొద్దు గుంకగానే బయట పెట్టేశాడు. గొట్టం లోపలి అద్దం బయటి గాలితో సమానంగా చల్లబడాలి. అప్పటిదాకా గొట్టం లోపలే గాలి సుడులు తిరుగుతుంటుంది.

తర్వాత దిశ కుదర్చడం. భూమి తిరుగుతున్నకొద్దీ దుర్బిణి ఎదురు తిరగాలంటే దాని ఇరుసు ధ్రువ నక్షత్రం వైపు వాలి ఉండాలి. ఈపూరులో ధ్రువ నక్షత్రం నేలకు 16 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది కాబట్టి ఉత్తరాన ఒక ఇల్లో, వేపచెట్టో అడ్డు వస్తుంది. వీడు పెరట్లో ఆ చుక్క కనిపించే ఒకే ఒక చోటు వెతికి, ముక్కాలి పీట కాళ్లు ఆనే మూడు చోట్లా మూడు నాపరాళ్లు పాతిపెట్టుకున్నాడు.

దుర్బిణి 8 అంగుళాలది, అంటే 203 మిల్లీమీటర్ల వెడల్పు. ముందు పలుచని దిద్దుబాటు గాజు, వెనక పెద్ద పుటాకార అద్దం. పెద్ద అద్దం మీద పడిన కాంతి ముందుకు తిరిగి చిన్న అద్దానికి తగులుతుంది, అది దాన్ని వెనక రంధ్రంలోంచి కెమెరా మీదికి పంపుతుంది. ఇలా మడతపెట్టడం వల్ల రెండు మీటర్ల నాభ్యంతరం మూరెడు గొట్టంలో ఇమిడింది. చిన్న అద్దం వెనక మూడు మరలు ఉంటాయి. వాడి పనిలో నన్ను ఎక్కువసేపు కట్టిపడేసింది ఆ మూడు మరలే. ఒక ప్రకాశమైన నక్షత్రాన్ని కావాలనే మసకబారేలా చేస్తే అది గారెలా కనిపిస్తుంది, నడుమ చిల్లితో. చిల్లి సరిగ్గా నడిమధ్య ఉంటే అద్దాలు ఒకే గీత మీద ఉన్నట్టు. వెంట్రుకవాసి పక్కకుంటే ఏదో ఒక మర తిప్పాలి. పావు చుట్టు కూడా ఎక్కువే. తిప్పడం, నక్షత్రాన్ని మళ్లీ మధ్యకు తెచ్చుకోవడం, చూడటం, మళ్లీ తిప్పడం. దీనికే ఇరవై నిమిషాలు పట్టింది. ఎక్కడా తొందరపడలేదు.

చివర ఒక బార్లో కటకం బిగించాడు. దానితో నాభ్యంతరం రెట్టింపై నాలుగు మీటర్లు దాటుతుంది. కెమెరాలో ఒక్కో కాంతి గడి వెడల్పు 2.9 మైక్రాన్లు. ఆ రోజుల్లో గురుడి బింబం మన పంచాంగకర్తల కొలతలో 46 వికలలు, నిండు చంద్రుడి వెడల్పులో నలభయ్యో వంతు. ఆ బింబం కెమెరాలో సుమారు 310 గడుల మేర పరుచుకుంటుంది. మనం చూసే బొమ్మకు ఉన్న అసలు సరుకు అంతే.

గురుడు అప్పుడు మన నడినెత్తికి ఆరు డిగ్రీల దూరంలో, 84 డిగ్రీల ఎత్తుకు ఎక్కుతున్నాడు. ఈ పనిలో పల్నాడుకు ఉన్న వరం ఇదే. 2019లో గురుడు దక్షిణానికి దిగినప్పుడు లండన్ వాళ్లకు సుమారు 16 డిగ్రీల ఎత్తు మించి కనిపించలేదు. అంత కిందికి ఉంటే కాంతి ఎన్నో రెట్లు మందమైన గాలిలోంచి రావాలి. గాలి పట్టకంలా పనిచేసి అంచుల్లో ఎరుపు, నీలం విడదీస్తుంది. ఈపూరు ఆకాశంలో ఆ బాధ దాదాపు లేదు.

అయినా గాలి గాలే. తెర మీద గురుడు నీటి అడుగున రూపాయి బిళ్లలా వణుకుతున్నాడు. ఒక్క క్షణం పట్టీలు స్పష్టంగా తేలతాయి, మరుక్షణం కరిగిపోతాయి. వాడు వేచి చూసేది ఆ తేలిన క్షణాల కోసమే. ఏ క్షణం బాగుంటుందో ముందుగా తెలియదు కాబట్టి అన్నిటినీ పడతాడు. ఒక్కో ఫ్రేముకు సెకనులో నూరో వంతు, రెండు నిమిషాల్లో 12,000 ఫ్రేములు. ఫైలు మూడున్నర గిగాబైట్లు దాటింది.

రెండు నిమిషాలే ఎందుకని అడిగాను. గురుడు 10 గంటల్లోపే తన చుట్టూ తాను తిరిగేస్తాడు. రెండు నిమిషాల్లో బింబం నడుమ ఉన్న మచ్చ దాదాపు అర వికల జరుగుతుంది. ఈ దుర్బిణి విడదీసి చూపగల హద్దు కూడా ఇంచుమించు అంతే. ఇంకాసేపు తీస్తే గ్రహం తన కదలికతో తానే బొమ్మను అలికేస్తుంది. ఈ లెక్క విన్నాక ఆ రెండు నిమిషాల మీద నాకు గౌరవం కలిగింది.

ఆ పైన జరిగేది పల్నాడు వాళ్లకు చెప్పనక్కర్లేని పని. మిరప కళ్లంలో ఆడవాళ్లు కూర్చుని తాలు కాయలు ఏరుతారు కదా, అలాంటిదే. ఆటోస్టాకర్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రతి ఫ్రేమునూ తూచి, బాగున్నవాటి నుంచి బాగాలేనివాటి వరకు వరస కడుతుంది. వాడు పై నుంచి 15 శాతం, అంటే 1,800 ఫ్రేములు ఉంచి మిగతావి తీసేశాడు. తర్వాత ఆ సాఫ్ట్‌వేర్ బింబం మీద చిన్న చిన్న గడులు గీసుకుని, ఒక్కో గడినీ విడివిడిగా జరిపి ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడేలా పేరుస్తుంది. ఒక్క ఫ్రేములో ఇసుక చల్లినట్టుండే గరుకు, 1,800 పేర్చేసరికి నలభై వంతుల్లో ఒక వంతుకు తగ్గుతుంది. పట్టీ ప్రతి ఫ్రేములోనూ ఒకే చోట ఉంటుంది, గరుకు ఒక్కోదాంట్లో ఒక్కోచోట పడుతుంది. అందుకే సగటు తీసినప్పుడు పట్టీ నిలుస్తుంది, గరుకు రాలిపోతుంది.

పేర్చిన బొమ్మ మెత్తగా, మబ్బుగా ఉంటుంది. చివరి మెట్టు దానికి పదును పెట్టడం. సన్న వివరాలు, మధ్యరకం, పెద్దవి అని పొరలుగా విడదీసి, ఒక్కో పొరకు బలం పెంచుతారు. నా లెక్కన పనివాడి నిజాయితీ బయటపడేది ఇక్కడే. ఒక మీట కాస్త ఎక్కువ జరిపితే బింబం లోపల ఉల్లిపొరల్లాంటి వలయాలు పుడతాయి. కుజుడి వెలుగు అంచు లోపల ఒక నల్లటి గీత వస్తుంది, చూసినవాళ్లు దాన్ని నిజం అనుకుంటారు. మా వాడు మీటను కుడికి జరిపి, వివరం బాగా లేచాక, మళ్లీ కొంత ఎడమకు తెచ్చాడు. "ఇక్కడి నుంచి గాలి కాదు మామయ్యా, నేనే మాట్లాడుతున్నా" అన్నాడు. అంతకంటే మంచి మాట ఈ విద్య గురించి నేను వినలేదు.

ఇప్పుడు అమ్మ ప్రశ్నకు వద్దాం. ఆమె ప్రశ్న ఈ కాలానికి తగినదే. 2022 జూలై 31న ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త ఎటియెన్ క్లెయిన్ ఒక సాసేజ్ ముక్క ఫొటో పెట్టి, జేమ్స్ వెబ్ అంతరిక్ష దుర్బిణి తీసిన ప్రాక్సిమా సెంటారీ నక్షత్రం అన్నాడు. చాలామంది నమ్మారు. తర్వాత ఆయనే క్షమాపణ చెప్పాడు. 2023లో ఒకరు చంద్రుడి బొమ్మను కావాలని మసకగా చేసి, చీకటి గదిలో తెర మీద పెట్టి ఫోనుతో తీశారు. ఆ మసకలో లేని బిలాలు ఫొటోలో వచ్చాయి. ఫోను తనకు నేర్పిన చంద్రుణ్ణి అక్కడ పూసింది. గ్రహాల బొమ్మల పదునుకు కూడా ఇప్పుడు అలాంటి పనిముట్లు దొరుకుతున్నాయి. వేరేవాళ్ల గురుడి మెలికలు మన గురుడి మీద అవి పూయవచ్చు. వాటిని వాడినవాడు ఆ సంగతి చెప్పకపోతే అది మోసమే. నేను దీన్ని మెత్తగా చెప్పలేను.

అయితే అబద్ధం కంప్యూటరుతో పుట్టలేదు. 1877లో ఖగోళ శాస్త్రవేత్త షియాపరెల్లీ కుజుడి మీద గీతలు చూశాడు. తర్వాత మరో ఖగోళ పరిశీలకుడు లోవెల్ వాటిని కాలువలన్నాడు, 1905లో ఫొటోల్లో కూడా అవి పడ్డాయని చాటాడు. 1965లో మారినర్ 4 వ్యోమనౌక దగ్గరికి వెళ్లి చూస్తే కాలువల్లేవు. ఆ మాయ చేసింది కన్ను, ఆశ.

దీనికి విరుగుడు ఎలాంటిదో మన హైదరాబాదు వాళ్లు ఎరిగిందే. నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాల ప్రపంచ నక్షత్ర పట పథకంలో పాల్గొని, ఆకాశంలో తన వంతు పట్టీలను గాజు ఫలకాల మీద తీసింది. ఆ పథకంలో పటాల కోసం తీసే ఫలకాల మీద ఒకే చుక్కకు మూడుసార్లు, ప్రతిసారీ పిసరంత జరిపి కాంతి పట్టించేవారు. నక్షత్రమైతే ఫలకం మీద చిన్న ముక్కోణంగా పడుతుంది. దుమ్మో, గాజులో మచ్చో అయితే ఒంటరి చుక్కగా ఉంటుంది. ఇంత సులువైన, ఇంత అందమైన పరీక్ష నాకు తెలిసి మరొకటి లేదు.

మా వాడు చేసేది అదే. ఒక వీడియో కాదు, వరసగా మూడు తీస్తాడు. మూడింటినీ వేరువేరుగా ఏరి, పేర్చి, పక్కపక్కన పెడతాడు. మూడింటిలోనూ ఉన్న మెలికే మెలిక. ఒక్కదాంట్లోనే కనబడింది తాలు. పైగా ప్రతి ఫైలులోనూ క్షణంతో సహా సమయం ఉంటుంది. ఆ క్షణానికి ఉపగ్రహాలు ఎక్కడ ఉండాలో, గురుడి మీది పెద్ద ఎర్ర మచ్చ ఏ రేఖాంశంలో ఉండాలో లెక్క కట్టవచ్చు. విన్‌జూపోస్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు.

ఆకాశం ఇచ్చిన పెద్ద సాక్ష్యం ఒకటుంది. 2009 జూలై 19న ఆస్ట్రేలియాలో ఆంథొనీ వెస్లీ అనే ఔత్సాహికుడు తన పెరటి దుర్బిణిలో గురుడి దక్షిణ ధ్రువం దగ్గర కొత్త నల్లమచ్చ చూశాడు. ఏదో గ్రహాన్ని ఢీకొన్న గుర్తు అది. నాలుగు రోజులకు హబుల్ అంతరిక్ష దుర్బిణి దాన్ని ఫొటో తీసింది. 2010 జూన్ 3న గురుడి మీద రెండు సెకన్ల మెరుపు వెస్లీ కెమెరాలో పడింది. అదే క్షణాన ఫిలిప్పీన్స్‌లోని సెబు నగరంలో క్రిస్టఫర్ గో కెమెరాలోనూ పడింది. ఒకరితో ఒకరికి సంబంధం లేని రెండు కెమెరాలు ఒకే మెరుపును చూపాయి. అక్కడితో అనుమానానికి చోటు లేదు.

అమ్మకు ఇవన్నీ చెప్పలేదు. మేనల్లుడు ఆమెకు అసలు వీడియో వేసి చూపించాడు. గురుడు వణుకుతున్నాడు. "ఇది నిజం" అంది, వెంటనే. పక్కన పేర్చి, పదునుపెట్టిన బొమ్మ పెట్టి ఆ రెంటికీ నడుమ ఉన్న మెట్లు ఒక్కొక్కటే తిప్పాడు. చివరి దాకా చూసింది.

ఎవరైనా గ్రహం బొమ్మ చూపిస్తే మీరూ ఆ రెండూ అడగండి: అసలు వీడియో, తీసిన సమయం. పనివాడైతే సంతోషంగా చూపిస్తాడు. గురుడు మళ్లీ సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చేది 2027 ఫిబ్రవరి రెండో వారంలో. ఈసారి అర్ధరాత్రి దాటిన కాసేపటికి ఈపూరు నడినెత్తికి ఒక్క డిగ్రీ దూరంలోంచి వెళ్తాడు.