ఉక్కు సాగుడుకు హద్దు ఏది? - బ్రిడ్జ్‌మన్ గ్రంథంపై విమర్శ

మెత్తని ఉక్కు కడ్డీని యంత్రంలో బిగించి లాగితే మొదట సాగుతుంది. తరువాత ఒకచోట నడుము సన్నబడి, అక్కడే తెగుతుంది. తెగేలోపల ఎంత సాగిందో శాతాలలో కొలిచి, అది ఆ ఉక్కుకు సహజగుణమన్నట్లు పట్టికలలో వ్రాస్తారు. ఈ అలవాటును కదిలించిన గ్రంథం ‘స్టడీస్ ఇన్ లార్జ్ ప్లాస్టిక్ ఫ్లో అండ్ ఫ్రాక్చర్’. 1946లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమానం పొందిన హార్వర్డ్ ఆచార్యుడు పెర్సీ బ్రిడ్జ్‌మన్ దానిని 1952లో ప్రకటించాడు.

బ్రిడ్జ్‌మన్ ఉక్కు కడ్డీలను వేల వాతావరణాల ద్రవపీడనంలో ఉంచి లాగాడు. ఆరుబయట త్వరగా తెగే ఉక్కే అక్కడ ఎంతో ఎక్కువగా సాగింది. అంటే సాగే గుణం లోహాన్ని బట్టే కాక, దానిపై ఏయే దిక్కులనుండి ఏ బలం పనిచేస్తున్నదో దానిని బట్టి కూడా ఉంటుందన్నమాట. ఈ నిరూపణే గ్రంథానికి ప్రాణం.

కారణం విషయంలో మాత్రం గ్రంథం కొరతగానే మిగిలింది. లోహం లోపల జరిగేదానికి 1968లో మెక్‌క్లింటాక్, 1969లో రైస్, ట్రేసీ లెక్క కట్టారు. ఉక్కులోని మలిన కణాల వద్ద సూక్ష్మరంధ్రాలు పుడతాయి. అన్ని వైపులనుండి లాగే బలం వాటిని ఉబ్బిస్తుంది, పీడనం అణచివేస్తుంది. సన్నబడిన నడుము వంపు వ్యాసార్థం అక్కడి కడ్డీ వ్యాసార్థంతో సమానమైతే, కడ్డీ నడిమధ్యన సగటు ప్రతిబలానికీ తుల్య ప్రతిబలానికీ గల నిష్పత్తి 0.33 నుండి 0.74కు పెరుగుతుందని బ్రిడ్జ్‌మన్ సూత్రమే చెబుతుంది. ఈ అంకెలను రైస్-ట్రేసీ సూత్రంలో వేస్తే, అంతే సాగుడుకు రంధ్రాలు సుమారు 1.8 రెట్లు వేగంగా పెరుగుతాయని తేలుతుంది. నున్నని కడ్డీ ఇచ్చిన శాతాన్ని నమ్మి, గాడి ఉన్న ఇరుసును రూపొందించే ఇంజనీరుకు ప్రమాదం ఇక్కడే పొంచి ఉంది.

రెండవ కొరత అలసటకు సంబంధించినది. గ్రంథంలోని పరీక్షలు ప్రధానంగా ఒకే పట్టున లాగి తెంచేవి. ఇరుసులూ, స్ప్రింగులూ అలా తెగవు. చిన్న బలాలే లక్షలసార్లు వచ్చిపోగా పగులుతాయి. ఆ పగులు సాధారణంగా ఉపరితలంపైనే మొదలవుతుంది. అటూ ఇటూ జరిగే కోత దానిని పుట్టిస్తుంది, లాగుడు దాని నోరు తెరుస్తుంది, నొక్కుడు మూస్తుంది. అందుకే స్ప్రింగుల ఉపరితలాన్ని ఉక్కు గుళ్ళతో కొట్టి, అక్కడ నొక్కుడును నిలిపి ఉంచుతారు.

రంధ్రాల లెక్క ఈ పగుళ్ళకు చాలదు. కాని బలం పరిమాణంతో పాటు దాని తీరునూ అడగాలన్న పాఠం రెండింటికీ ఒక్కటే. ఆ ప్రశ్నను అంకెలతో నిలబెట్టినందుకు, ఇన్ని కొరతలున్నా, ఈ గ్రంథం నేటికీ చదవదగినది.