నాలుగు దశల నమూనా – భారతీయ ధూమపాన మరణాలు: ఒక పరిశీలన

ఒక దేశ జనాభాలో ధూమపాన మరణాలు కాలక్రమంలో ఎలా పెరిగి, ఎలా తగ్గుతాయో వివరించేటప్పుడు 1994లో లోపెజ్, కోలిషా, పీహా ప్రతిపాదించిన నాలుగు దశల నమూనాను ఉదహరించడం పరిపాటి అయింది. ముందుగా పురుషుల్లో అలవాటు వ్యాపిస్తుంది. కొన్ని దశాబ్దాల తరువాత స్త్రీలూ అదే దారి పడతారు. మరణాల రేఖ మాత్రం అలవాటు రేఖకు మూడు నాలుగు దశాబ్దాలు వెనకబడి లేస్తుంది. అందువల్ల అలవాటు తగ్గుముఖం పట్టాక కూడా చావులు కొంతకాలం పెరుగుతూనే ఉంటాయి. ఈ చివరి అంశం విలువైనది, దానితో నాకు పేచీ లేదు. మరణాల రేఖ అలవాటు రేఖకు నీడ మాత్రమేనన్న భావనే పరిశీలించదగింది.

ఈ నమూనాకు ఆధారమైన అనుభవాల్లో బ్రిటన్‌ది ప్రధానమైనది. 1948లో అక్కడి పురుషుల్లో సుమారు 80 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు కాల్చేవారు. 1950లో డాల్, హిల్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ధూమపానానికీ ఉన్న సంబంధాన్ని స్థాపించారు. 1951లో వారు ఆరంభించిన వైద్యుల అధ్యయనం 34 వేలకు పైగా పురుష వైద్యులను యాభై ఏళ్లపాటు అనుసరించింది. తొలి దశాబ్దాల ఫలితాల్లో కనిపించిన నష్టంకంటే 2004లో తేలిన నష్టం చాలా పెద్దది: జీవితాంతం సిగరెట్ తాగినవారు సగటున 10 ఏళ్ల ఆయుర్దాయం కోల్పోయారు. పొగాకు మారలేదు, కాల్చే తరం మారింది. కౌమారం నుంచే సిగరెట్ పట్టినవారు వృద్ధాప్యానికి చేరేదాకా అసలు నష్టం బయటపడలేదు. బ్రిటిష్ స్త్రీల విషయంలో ఇదే సంగతి మరింత ఆలస్యంగా, 2013లో వెలువడిన పది లక్షల మంది స్త్రీల అధ్యయనంతో స్పష్టమైంది.

బ్రిటన్‌లో రేఖ ఇంత తేటగా కనబడటానికి ఒక కారణం ఊపిరితిత్తుల క్యాన్సర్. పొగ తాగనివారిలో ఆ వ్యాధి అరుదు కనుక దాని రేటు ఆ సమాజంలో పోగుపడిన ధూమపానానికి కొలబద్ద కాగలిగింది. 1992లో పీటో, లోపెజ్ తదితరులు రూపొందించిన పరోక్ష అంచనా పద్ధతికి ఇదే పునాది. క్యాన్సర్ రేటును బట్టి ధూమపాన తీవ్రతను ఊహించి, అమెరికన్ అధ్యయనం నుంచి తీసుకున్న సాపేక్ష ప్రమాదాలను తక్కిన వ్యాధులకు వర్తింపజేస్తారు. ఆ అదనపు ప్రమాదాన్ని సగానికి తగ్గించి లెక్కించడం వారి జాగ్రత్తకు నిదర్శనం. పద్ధతిని అభివృద్ధి చెందిన దేశాలకే పరిమితం చేసినవారూ వారే. ఆ హద్దును చెరిపివేసింది తరువాతి వాడుకరులు.

భారతదేశంలో ఈ కొలబద్ద పనిచేయదు. 2020 నాటికి కూడా మన దేశంలో నమోదైన మరణాల్లో వైద్యులు కారణాన్ని ధ్రువీకరించినవి నాలుగో వంతుకు చేరలేదు. అంతకంటే ముఖ్యమైన అడ్డంకి వ్యాధి స్వభావంలోనే ఉంది. 2008లో ప్రభాత్ ఝా బృందం ప్రచురించిన జాతీయ అధ్యయనం 11 లక్షల ఇళ్లలో 2001–03 మధ్య జరిగిన మరణాలను పరిశీలించింది. కుటుంబసభ్యులు చెప్పిన లక్షణాలను బట్టి వైద్యులు మరణకారణాన్ని నిర్ణయించారు. పొగతాగేవారి అదనపు మరణాల్లో అగ్రస్థానం క్షయది. పొగతాగే పురుషుల్లో క్షయ మరణాల ప్రమాదం 2.3 రెట్లు, స్త్రీలలో 3 రెట్లు. అంతకుముందు 2003లో తమిళనాడు నుంచి వెలువడిన గజలక్ష్మి తదితరుల అధ్యయనమూ ఇదే దిశను చూపింది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌నే కొలబద్దగా పట్టుకుంటే బీడీ కాల్చి క్షయతో పోయిన కూలీ మరణం పేదరికం ఖాతాలో పడుతుంది, పొగాకు ఖాతాలో పడదు.

దీని పర్యవసానం లెక్కల సవరణతో తీరేది కాదు. క్యాన్సర్ దశాబ్దాలపాటు పోగుపడిన హానికి ఫలితం. క్షయ విషయంలో పొగ, దేహంలో అప్పటికే ఉన్న సంక్రమణను వ్యాధిగా మారుస్తుంది, వ్యాధిని ప్రాణాంతకం చేస్తుంది. కనుక మూడు నాలుగు దశాబ్దాల ఎడం ఇక్కడ అనివార్యం కాదు. క్షయ చికిత్స మెరుగుపడితే, ఒక్క బీడీ కూడా తగ్గకుండానే ధూమపాన మరణాలు తగ్గవచ్చు. గుండెజబ్బులు పెరిగితే, ఒక్క బీడీ కూడా పెరగకుండానే అవి పెరగవచ్చు. మన దేశంలో ధూమపానం ప్రధానంగా అప్పటికే ఉన్న వ్యాధిభారాన్ని హెచ్చించే గుణకం. గుణ్యం మారితే లబ్ధం మారక తప్పదు.

స్త్రీల విషయంలో నమూనా మరింత తడబడుతుంది. జాతీయ వయోజన పొగాకు సర్వేల ప్రకారం పొగతాగే స్త్రీలు 2009–10లో 2.9 శాతం, 2016–17లో 2 శాతం. పురుషుల వెనుక రావలసిన ఆరోహణ ఇక్కడ జాడ లేదు. మరోవైపు శ్రీకాకుళం పల్లెల్లో చుట్ట నిప్పుకొనను నోటిలోపల ఉంచి కాల్చే 'అడ్డపొగ' స్త్రీలలోనే ఎక్కువ. అది సిగరెట్ ప్రకటనలు చూసి నేర్చినదీ కాదు, మగవారిని అనుకరించినదీ కాదు. పిండ్‌బోర్గ్ బృందం అక్కడ 10,169 మంది గ్రామస్థుల అంగిలిని పరీక్షించి 1971లో ఫలితాలు ప్రకటించింది. ఇతరత్రా అరుదైన అంగిలి క్యాన్సర్ ఈ అలవాటున్నవారిలో కనిపిస్తుంది. ఈ స్త్రీలు నాలుగు దశల్లో ఏ దశకు చెందుతారో నమూనా చెప్పదు.

2008 అధ్యయనానికీ పరిమితులున్నాయి. మృతుని అలవాటును చెప్పింది బతికున్నవారు. పేదరికం ప్రభావాన్ని విద్యాస్థాయి, మద్యపానాల సవరణ పూర్తిగా తొలగించిందని అనలేం. అది ఒక కాలబిందువు వద్ద స్థాయిని చూపింది కానీ ధోరణిని కాదు. 2010లో 9.3 లక్షల మరణాలన్న దాని అంచనాను, 30–69 ఏళ్లవారిలో మరణాల సంఖ్య ఏటా 3 శాతం పెరుగుతోందన్న వాక్యాన్ని మన వ్యాసాలు తరచు 'మహమ్మారి విజృంభణ'గా ఎత్తిచూపుతాయి. ఆ పెరుగుదలకు జనాభా వృద్ధే కారణమని రచయితలు అదే వాక్యంలో చెప్పారు. రేటునూ సంఖ్యనూ కలగలపడం పరిశోధకులకు తగదు.

ఇక రాబోయే రేఖను ఊహించేవారు చూడవలసింది మొత్తం శాతాన్ని కాదు. పొగతాగేవారు 14 శాతం నుంచి 10.7 శాతానికి తగ్గారన్నది నిజమే. కానీ 1998–2015 మధ్య జాతీయ సర్వేల విశ్లేషణ, యువకుల్లో బీడీ స్థానాన్ని సిగరెట్ ఆక్రమిస్తున్నట్టు చూపింది. ఝా బృందం లెక్కలో బీడీ తాగే పురుషుడు కోల్పోయేది 6 ఏళ్లు, సిగరెట్ తాగేవాడు కోల్పోయేది 10 ఏళ్లు. తాగేవారి వాటా తగ్గుతుండగానే తాగే ప్రతివాని నష్టం పెరిగే దశ ఒకటి ఆ నాలుగింటిలో లేదు.