చేతిపని, ఆంగ్లపాఠం: పాతబస్తీ వృత్తివిద్యార్థులు – అభ్యసన శైలి ప్రశ్నావళుల పరిశీలన

వ్యాససంగ్రహం:
విద్యార్థుల అభ్యసన శైలిని ప్రశ్నావళి ద్వారా గుర్తించి, దానికి తగినట్లు ఆంగ్లబోధనను మలచాలనే వాదం దాదాపు నాలుగు దశాబ్దాలుగా ప్రచారంలో ఉంది. హైదరాబాదు పాతబస్తీలోని వృత్తివిద్యార్థుల భాషానేపథ్యాన్ని ముందుంచుకొని, అలాంటి ప్రశ్నావళి దేనిని కొలుస్తుందో, దేనిని కొలవలేకపోతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రశ్నలను తెలుగులోకి, ఉర్దూలోకి మార్చినప్పుడు వచ్చే అర్థభేదాలను వివరిస్తుంది. ‘చేతితో నేర్చుకొనేవారు’ అన్న ముద్ర వృత్తివిద్యార్థిని పఠనలేఖనాలకు దూరం చేసే ప్రమాదాన్ని చర్చిస్తుంది.

కీలకపదాలు: అభ్యసన శైలి, వృత్తివిద్య, ఆంగ్లబోధన, పాతబస్తీ, ప్రశ్నావళి, దక్కనీ ఉర్దూ.

1. ఉపోద్ఘాతం:

మూసీకి దక్షిణాన ఉన్న పాతబస్తీలో వృత్తివిద్యకు ప్రధానంగా మూడు దారులున్నాయి. ఇంటర్మీడియట్ బోర్డు నడిపే రెండేళ్ల వృత్తివిద్యా కోర్సులు ఒకటి. పారిశ్రామిక శిక్షణ సంస్థలు, అంటే ఐటీఐలు, రెండోది. చందూలాల్ బారాదరిలోని కులీకుతుబ్‌షా ప్రభుత్వ పాలిటెక్నిక్ వంటి డిప్లొమా సంస్థలు మూడోది. ఇంటర్మీడియట్ వృత్తివిద్యలో ఆంగ్లం, జనరల్ ఫౌండేషన్ కోర్సు, వృత్తికి సంబంధించిన పేపర్లు, ప్రయోగాలు, పనిచోట శిక్షణ కలిసి ఉంటాయి. 1950లో మొదలైన క్రాఫ్ట్స్‌మన్ శిక్షణ పథకం కింద నడిచే ఐటీఐలలో ఆంగ్లం విడి సబ్జెక్టుగా కాక, ఉపాధి నైపుణ్యాల పాఠ్యాంశంలో ఒక భాగంగా వస్తుంది. దారి ఏదైనా ఆంగ్లానికి దక్కే గంటలు తక్కువ, దానిపై పెట్టుకొనే ఆశలు ఎక్కువ. గల్ఫ్ ఉద్యోగానికి దరఖాస్తు చేసుకొనే ఎలక్ట్రీషియన్‌కూ, రోగనిర్ధారణ కేంద్రంలో పనికి చేరే ల్యాబ్ టెక్నీషియన్‌కూ ఆ కొద్ది గంటలే ఆధారం.

ఆ కొద్ది గంటలను ఎలా వాడాలన్న ప్రశ్నకు పరిశోధకులు తరచుగా ఎంచుకొనే సాధనం అభ్యసన శైలి ప్రశ్నావళి. విద్యార్థి చూసి నేర్చుకుంటాడా, విని నేర్చుకుంటాడా, చేసి నేర్చుకుంటాడా అని అడిగి, వచ్చిన అంకెలను పట్టికలో పెట్టి, బోధనకు సూచనలు చేయడం ఈ పద్ధతి. చూడటానికి ఇది విద్యార్థిపక్షాన నిలిచే పద్ధతిలాగే కనిపిస్తుంది. అందుకే దీనిని మరింత జాగ్రత్తగా పరిశీలించవలసి ఉంది.

2. ప్రశ్నావళి పుట్టుక:

ద్వితీయభాషగా ఆంగ్లం నేర్చుకొనేవారి కోసం జాయ్ రీడ్ 1984లో రూపొందించిన ప్రశ్నావళిలో 30 వాక్యాలున్నాయి. దృశ్య, శ్రవణ, చలన, స్పర్శ, బృంద, వ్యక్తిగత అనే ఆరు విభాగాలకు ఐదేసి వాక్యాలు. ప్రతి వాక్యంతో తాను ఎంతవరకు ఏకీభవిస్తాడో విద్యార్థి ఐదు మెట్ల మీద గుర్తిస్తాడు. 1987లో టీసోల్ క్వార్టర్లీలో రీడ్ ప్రచురించిన అధ్యయనం అమెరికాలోని విద్యార్థులపై ఈ ప్రశ్నావళిని ప్రయోగించి చేసినది. అరబ్బీ, స్పానిష్, జపనీస్, మలయ్, చైనీస్, కొరియన్, థాయ్, ఇండోనేషియన్ భాషలవారు అందులో ప్రధాన వర్గాలు. తెలుగు, ఉర్దూ మాట్లాడేవారు ప్రత్యేక వర్గంగా లేరు.

ఆ అధ్యయనంలో రెండు ఫలితాలు పాతబస్తీ పరిశోధకునికి ముఖ్యమైనవి. ఆంగ్లం నేర్చుకొనే విదేశీ విద్యార్థులు స్థూలంగా చలన, స్పర్శ పద్ధతుల వైపు బలంగా మొగ్గు చూపారు. వారిలో ఎక్కువమంది విశ్వవిద్యాలయ విద్యకు సిద్ధమవుతున్నవారు. కమ్మరి కొలిమి దగ్గర నుంచో మోటారు మెకానిక్ షెడ్డు నుంచో వచ్చినవారు కారు. కాబట్టి ఒక ఐటీఐ తరగతిలో ఇదే ప్రశ్నావళి ఇచ్చి, చలనశైలికి ఎక్కువ అంకెలు వచ్చాయని, అది వృత్తివిద్యార్థుల ప్రత్యేకత అని తేల్చడం తర్కానికి నిలవదు. పోల్చడానికి పక్క కళాశాలలోని సైన్సు గ్రూపు విద్యార్థుల అంకెలైనా ముందుండాలి. పోలిక లేని శాతం శాతంగానే మిగిలిపోతుంది.

రెండో ఫలితం ఇంకా విలువైనది. అమెరికాలో మూడేళ్లకు మించి నివసించినవారు, తక్కువ కాలం ఉన్నవారికంటే శ్రవణ పద్ధతి వైపు ఎక్కువ మొగ్గారు. అంటే మొగ్గు పుట్టుకతో వచ్చే లక్షణం కాదు, పరిసరాలతో పాటు మారేది. ప్రశ్నావళిని స్వీకరించేవారు ఈ మాటను చాలాసార్లు వదిలేసి, ఆరు విభాగాలను మాత్రం తీసుకుంటారు. ఆ ఆరు విభాగాలైనా నిలిచాయా అంటే అదీ సందేహమే. వింటర్‌గర్స్ట్, డికాపువా, ఇట్జెన్ 2001లో విద్యార్థుల సమాధానాలను కారక విశ్లేషణ చేసినప్పుడు అవి రీడ్ చెప్పిన ఆరు గుంపులుగా విడివడలేదు.

3. ‘చదవడం’, ‘వినడం’, ‘చూడటం’:

ఆంగ్లం పూర్తిగా రాని విద్యార్థికి ఆంగ్లంలోనే ప్రశ్నావళి ఇస్తే, కొలిచేది అతని శైలిని కాదు, పఠనశక్తిని. ఆ చిక్కు తెలిసిన పరిశోధకులు దానిని తెలుగులోకో ఉర్దూలోకో మారుస్తారు. ఇక్కడే అసలైన సమస్య మొదలవుతుంది.

తెలుగులో ‘చదువు’ అంటే అక్షరాలను చదవడం మాత్రమే కాదు, విద్య కూడా. ‘అబ్బాయి బాగా చదువుతాడు’ అంటే గట్టిగా పైకి చదువుతాడని ఎవరూ అనుకోరు. మార్కులు బాగా వస్తాయని అర్థం. ‘చదువుకోలేదు’ అంటే బడి ముఖం చూడలేదని. ఉర్దూలోనూ ఇంతే. ‘పఢ్‌నా’ పఠనమూ, విద్యాభ్యాసమూ. చదువుకున్నవాడు ‘పఢా లిఖా’. పదోతరగతిలో మార్కులు తక్కువ వచ్చి వృత్తివిద్యకు వచ్చిన విద్యార్థిని ‘చదివితే నీకు బాగా వస్తుందా?’ అని అడిగితే అతనికి వినిపించేది ‘నువ్వు చదువులో మంచివాడివా?’ అన్న ప్రశ్న. కాదని గుర్తు పెడతాడు. ఆ గుర్తు దృశ్యశైలి లోపంగా పట్టికలోకి ఎక్కుతుంది. నిజానికి అది అతనిపై బడి ఇచ్చిన తీర్పు, అతని నోటితో తిరిగి పలికినది.

‘వినడం’ సంగతి దీనికి తలకిందులు. ‘మాట వినేవాడు’ అంటే విధేయుడు. ‘బాత్ సున్‌నా’ అన్నప్పుడూ అదే అర్థం. అధ్యాపకుడు చెప్పేది వింటే బాగా నేర్చుకుంటానన్న వాక్యాన్ని, అదే అధ్యాపకుడు పంచిన కాగితం మీద, ఎవరు కాదనగలరు? శ్రవణశైలి అంకెలలో కొంత భాగం మర్యాద.

‘చూడటం’ మరీ విచిత్రమైనది. తెలుగులో అది కంటి పని మాత్రమే కాదు. చేసి చూడు, తిని చూడు, అడిగి చూడు అంటాం. ప్రతిచోటా అది ప్రయత్నానికి గుర్తు. పాతబస్తీ దక్కనీలో ‘కర్‌కే దేఖో’ అన్నదీ ఇదే. మోటారు కాయిల్ చుట్టడం ఎలా నేర్చుకున్నావని అడిగితే ‘చూసి నేర్చుకున్నా’ అనే కుర్రవాడు ఏ గడిలోకి వస్తాడు? ఉస్తాద్ చేతులను గమనించి, తాను చేసి, తప్పితే తిట్లు విని, మళ్లీ చేసి నేర్చుకున్నదంతా ఆ ఒక్క ‘చూసి’లో ఉంది. దృశ్యం, చలనం, శ్రవణం అని దానిని మూడు ముక్కలు చేయడం ప్రశ్నావళికి అవసరం కావచ్చు గాని, అతని అనుభవానికి కాదు.

లాడ్‌బజార్‌కు చేరే లక్కగాజులను తయారుచేసేవారి పని ఇందుకు మంచి ఉదాహరణ. నిప్పుల వేడికి లక్క ఎంత మెత్తబడిందో కంటికీ వేళ్లకూ ఒకేసారి తెలియాలి. ఆ మెత్తదనం పోకముందే దానిని సాగదీసి, గుండ్రంగా చుట్టాలి, ఆ మీద రాళ్లు పొదగాలి. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ పనిలో కన్ను ముందా, చెయ్యి ముందా అన్న ప్రశ్నకు అర్థం లేదు.

4. నిరూపణ ఎక్కడ?

మొగ్గును సరిగానే కొలిచారని ఒప్పుకున్నా, దానికి తగినట్లు బోధిస్తే ఫలితం మెరుగుపడుతుందా అన్నది వేరే ప్రశ్న. 2004లో కాఫీల్డ్, ఆయన సహచరులు 71 నమూనాలను గుర్తించి, అందులో 13ను లోతుగా పరిశీలించారు. పదహారేళ్లు దాటినవారి విద్య కోసం, అంటే సరిగ్గా వృత్తివిద్యార్థుల వయసువారి కోసం, చేసిన సమీక్ష అది. చాలా నమూనాలకు విశ్వసనీయత, ప్రామాణికత తగినంతగా లేవని అది తేల్చింది. 2008లో పాష్లర్, మెక్‌డానియల్, రోరర్, బ్యోర్క్ ఇంకొక మెట్టు ముందుకు వెళ్లి, అసలు నిరూపణ అంటే ఎలా ఉండాలో చెప్పారు. విద్యార్థులను శైలి ప్రకారం విభజించాలి. ప్రతి వర్గంలోనివారిని యాదృచ్ఛికంగా వేర్వేరు బోధనాపద్ధతులకు కేటాయించాలి. చివర అందరికీ ఒకే పరీక్ష పెట్టాలి. ఒక శైలివారికి మేలైన పద్ధతి మరో శైలివారికి మేలైన పద్ధతి కాకుండా ఉంటేనే వాదం నిలుస్తుంది. అలాంటి బలమైన ఆధారం వారికి దొరకలేదు. 2015లో రొగౌస్కీ బృందం వయోజనులలో కొందరికి పుస్తకాన్ని వినిపించి, కొందరితో చదివించి చూసినప్పుడూ శైలికీ పద్ధతికీ జోడీ కుదిరినందువల్ల అవగాహన పెరిగినట్లు కనిపించలేదు.

ప్రశ్నావళి ఇచ్చి శాతాలు చెప్పే సర్వే ఎంత పెద్దదైనా ఈ ప్రశ్నకు సమాధానం చెప్పలేదు, ఎందుకంటే అందులో బోధన లేదు, పరీక్ష లేదు. ‘కాబట్టి అధ్యాపకులు చలనాత్మక కృత్యాలు పెంచాలి’ అన్న చివరి అధ్యాయపు సూచన దాని నుంచి పుట్టదు. ఆటపాటలతో తరగతి ఉత్సాహంగా ఉండవచ్చు. ఆ ఉత్సాహానికీ విలువ ఉంది. దానిని శైలి సిద్ధాంతం ఖాతాలో వేయడంతోనే పేచీ.

5. ముద్ర, అక్షరం:

ఈ చర్చ కొలత దోషాలకే పరిమితమైతే సాంకేతిక విషయంగా వదిలేయవచ్చు. కాని మన దగ్గర ‘వృత్తి’ అన్న మాటకు కులవృత్తి అన్న నీడ ఉంది. చేతిపని ఒకరికి, అక్షరం ఇంకొకరికి అని పంచిపెట్టిన సమాజం ఇది. 1937 వార్ధా సమావేశం నుంచి వచ్చిన నయీ తాలీం ఆ పంపకాన్నే ప్రశ్నించి, చేతివృత్తి ద్వారానే సమస్త విద్యా గరపాలని కోరింది. 2020 జాతీయ విద్యావిధానం 2025 నాటికి కనీసం సగం మంది విద్యార్థులకు వృత్తివిద్యతో పరిచయం కలగాలని లక్ష్యం పెట్టుకున్నప్పుడూ ఆశించినది ఆ అంతరం తగ్గాలనే. అలాంటప్పుడు వృత్తివిద్యార్థి ‘చేతితో నేర్చుకొనేవాడు’ అన్న ఫలితం, సిద్ధాంతపు భాషలో, పాత పంపకాన్నే మళ్లీ చెబుతుంది. పైగా దానికి శాస్త్రం ముద్ర.

దీని పర్యవసానం తరగతిలో కనిపిస్తుంది. చలనశైలి వారని పేరు పడ్డాక చదివించడం తగ్గుతుంది, రాయించడం ఇంకా తగ్గుతుంది. కాని పాతబస్తీ వృత్తివిద్యార్థికి లోటు ఎక్కడుందో గమనించాలి. వృత్తికి సంబంధించిన ఆంగ్లం అతని నోట్లో ఇప్పటికే ఉంది. వైరింగ్, కాయిల్, ఫ్యూజ్, గేజ్, లీకేజీ, టెస్టర్ అన్న మాటలు, పానా, పేచ్‌కస్‌ల పక్కన, షెడ్డులో రోజంతా వినిపిస్తాయి. లేనిది అక్షరరూపం. రోజూ ‘గేజ్’ అనే కుర్రవాడు ఆంగ్లంలో రాసిన ఆ మాటను చూసి ఆగిపోతాడు, ఎందుకంటే నోరు పలకని ‘యు’ ఒకటి అందులో ఉంది. ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చినవారికి కుడి నుంచి ఎడమకు అలవాటైన కన్ను ఎడమ నుంచి కుడికి తిరగాలి. ఈ పని కొందరికి ఎనిమిదో తరగతికే పూర్తవుతుంది, కొందరికి ఐటీఐలోనూ మిగిలి ఉంటుంది. ఎవరికి ఎంత మిగిలిందో చెప్పగల నిర్ధారక పరీక్షే ఇక్కడ అవసరం. శైలి ప్రశ్నావళి ఆ సంగతి అడగదు. నోటికి వచ్చిన మాటను పేజీ మీద గుర్తుపట్టడమే అతని ఆంగ్లపాఠమైనప్పుడు, అతనికి తగ్గించకూడని దానినే ఈ ముద్ర తగ్గిస్తుంది.

1979 నుంచి 1984 వరకు దక్షిణాది పాఠశాలల్లో ఎన్.ఎస్. ప్రభు నడిపిన బెంగళూరు ప్రాజెక్టు విద్యార్థుల శైలిని అడగకుండానే సాగింది. పటం చూసి దారి చెప్పడం, సమయపట్టిక చూసి లెక్క తేల్చడం వంటి పనులు ఇచ్చి, అర్థంపై ధ్యాస నిలిపితే భాష అబ్బుతుందన్నది దాని నమ్మకం. ఆ ప్రాజెక్టు ఫలితాలపై వాదాలున్నాయి. అయినా వృత్తివిద్యకు అందులో ఒక దారి ఉంది, ఎందుకంటే వృత్తివిద్యలో పనులను కల్పించవలసిన అవసరం లేదు. అవి పనిచోట శిక్షణలోనే ఉన్నాయి. ఎలక్ట్రీషియన్‌కు ఫ్యాను పెట్టెలోని కాగితం మీది కనెక్షన్ బొమ్మ, దాని కింది హెచ్చరిక. బహుళార్థ ఆరోగ్య కార్యకర్త కోర్సు చదివే అమ్మాయికి టీకా సీసా మీది గడువు తేదీ, నిల్వ ఉంచవలసిన ఉష్ణోగ్రత. ఏసీ మెకానిక్‌కు యంత్రం వీపున అంటించిన వివరాల పలక. వీటిలో ఏ ఒక్కటీ చదవకుండా చేసేది కాదు, చేయకుండా చదివేదీ కాదు.

ఇలాంటి పనిని ఆధారం చేసుకొన్న పరిశోధనకు ప్రశ్నలూ మారతాయి. ‘నీకు ఎలా నేర్చుకోవడం ఇష్టం?’ అని అడగడానికి బదులు, ల్యాబ్ టెక్నీషియన్ విద్యార్థి చేతికి మూడు రక్తనమూనా గొట్టాలు, మూడు చీటీలు ఇవ్వవచ్చు. ఒక చీటీలో ‘ఫాస్టింగ్’ అని, మరొకదానిలో ‘రాండమ్’ అని, ఇంకొకదానిలో భోజనం తర్వాత అని, మూడూ ఆంగ్లంలోనే రాసి ఉంటాయి. ఏ చీటీ దగ్గర ఆగాడో, పక్కవాడిని ఏ మాట తెలుగులో అడిగాడో, ఏది ఉర్దూలో గొణుక్కున్నాడో, చివరికి ఏ గొట్టానికి ఏది అంటించాడో పరిశోధకుడు రాసుకోవచ్చు. అదే పనిని నెల తర్వాత మళ్లీ ఇచ్చి చూడవచ్చు.