పగిలిన మానిఫోల్డుకు ఊక బూడిద పడక

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు టక్ టక్ మని కొట్టుకుంటూ, వేడెక్కేసరికి మెల్లగా మాయమయ్యే చప్పుడును చాలామంది వాల్వుల ఖాతాలో వేసేస్తారు. ట్యాపెట్లు సర్దిస్తారు, ఆయిల్ మార్పిస్తారు, మర్నాడు పొద్దున మళ్ళీ అదే చప్పుడు వింటారు. అనుభవమున్న మెకానిక్ బానెట్ ఎత్తగానే చూసేది ఇంజిన్ పక్కనున్న ఎగ్జాస్ట్ మానిఫోల్డును. సిలిండర్లన్నిటి నుంచి వచ్చే పొగను ఒకే గొట్టంలోకి చేర్చే పోత ఇనుప భాగం అది. దాని మీద మసి చార కనిపిస్తే పగులు దొరికినట్టే. ఇనుము వేడికి పెరిగినప్పుడు పగులు నోరు మూసుకుంటుంది, చప్పుడు ఆగుతుంది. బండి బాగుపడిందనుకుని చాలామంది నెలల తరబడి నడిపేస్తుంటారు.

కర్ణాటకలోని రాయచూరు నుంచి లింగసుగూరు వెళ్ళే దారిలో, సిరవార దాటాక వచ్చే కవితాళ ప్రాంతంలో ఇలా పగిలిన పోత ఇనుమును అతికే పనికి ఒక ప్రత్యేకమైన నేపథ్యం ఉంది. 1956 నవంబరు దాకా రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రంలోనిదే, కాబట్టి తెలుగు ఇక్కడ కొత్త కాదు. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయి ఎడమ కాలువ నీళ్ళు పారాక కోస్తా జిల్లాల రైతులు కుటుంబాలతో తరలివచ్చి భూములు కొన్నారు. వాళ్ళ ఊళ్ళను ఇప్పటికీ క్యాంపులనే అంటారు. సింధనూరు వైపు గాంధీనగర్, గంగావతి దగ్గర శ్రీరామనగర్ అలా ఏర్పడ్డవే. వరి వచ్చింది, వరితో ట్రాక్టర్లు వచ్చాయి, రైసుమిల్లులు వచ్చాయి. నాట్ల ముందు ఇనుప చక్రాలతో బురదలో దిగిన ట్రాక్టరు ఆగిపోతే విడిభాగం కోసం పట్నం నుంచి బస్సు వచ్చేదాకా కూర్చునే తీరిక రైతుకు లేదు. అందువల్ల పోత ఇనుమును అతికే విద్య ఇలాంటి ఊళ్ళలో బతికింది. ట్రాక్టరు మీద నేర్చిన చెయ్యి తర్వాత జీపులకూ అంబాసిడర్లకూ, ఇప్పటి కార్లకూ పనికొచ్చింది.

అతకడం అనగానే వెల్డింగ్ మెషీనే గుర్తొస్తుంది. నా లెక్కలో ఈ పనిలో వెల్డింగ్ పావు వంతు కూడా ఉండదు. మిగతాదంతా పగులు ఎందుకొచ్చిందో కనిపెట్టడం, వేడిని ఓపిగ్గా ఎక్కించి ఓపిగ్గా దించడం. ఇవి రెండూ చేతగానివాడి చేతిలో ఎంత ఖరీదైన రాడ్ అయినా వృథా.

కారణం దగ్గర మొదలుపెడదాం. నలభై సెంటీమీటర్ల పొడవున్న పోత ఇనుప మానిఫోల్డు 600 డిగ్రీల దాకా వేడెక్కితే దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. పెట్రోలు ఇంజిన్ బరువు లాగేటప్పుడు ఆ వేడి మామూలే, ఇంకా పైకీ పోతుంది. కానీ అది బిగించి ఉన్న సిలిండర్ హెడ్ చుట్టూ నీళ్ళు తిరుగుతుంటాయి కాబట్టి దాని వేడి 100 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. హెడ్ అల్యూమినియందైనా ఆ పొడవులో ఒక మిల్లీమీటరు కూడా పెరగదు. ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్న రెండు లోహాల్లో ఒకటి పెరుగుతానంటోంది, రెండోది కదలనంటోంది. ఈ తగువు తెలిసే తయారీదారులు చాలా మానిఫోల్డుల్లో మధ్య రంధ్రాన్ని సరిగ్గా, చివరి రంధ్రాలను కాస్త వదులుగా లేదా కోలగా పెడతారు. నట్ల కింద ఇనుము అటూ ఇటూ జారాలి. ‘ఊడిపోకుండా’ అని పొడుగు పైపు తొడిగి నట్లు బిగించేవాళ్ళు ఆ జారుడును ఆపేస్తారు. జారే దారి లేని ఇనుము పగులుతుంది. మెకానిక్‌లు చేసే తప్పుల్లో ఇదే ముందు వరసలో ఉంటుందని నా అభిప్రాయం.

రెండో కారణం బరువు. సైలెన్సర్ పైపును చాసిస్‌కు పట్టి ఉంచే రబ్బరో క్లాంపో తెగిపోతే ఆ పైపు బరువంతా మానిఫోల్డు మెడ మీద వేలాడుతుంది, గోతిలో పడ్డప్పుడల్లా ఊగుతుంది. బానెట్ మీద నిలువుగా సైలెన్సర్ ఉండే ట్రాక్టర్లలో ఈ ఊపు ఇంకా ఎక్కువ. మూడోది నీళ్ళు. మాగాణిలో ఎగిరే బురద నీళ్ళు కాలిన ఇనుము మీద పడితే పొయ్యి మీద ఎర్రగా కాగిన వట్టి కుండలో చెంబుడు చన్నీళ్ళు కుమ్మరించినట్టే. పొలం నుంచి రాగానే ఇంజిన్ కడిగేసే అలవాటున్నవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇంటి దగ్గర విప్పాలనుకునేవారికి అసలు పరీక్ష పగులు కాదు, స్టడ్లు. ఏళ్ళ తరబడి కాలి తుప్పుపట్టిన నట్టు ఒక్క ఊపుకు స్టడ్డుతో సహా విరిగి, ముక్క హెడ్‌లోనే ఉండిపోతుంది. అప్పుడు వంద రూపాయల పని వేలల్లోకి పోతుంది. అందుకని ముందురోజు సాయంత్రమే మొదలుపెట్టాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి, వేడి అడ్డురేకు విప్పి, ప్రతి నట్టుకూ తుప్పు వదిలించే నూనె పట్టించి రాత్రంతా వదిలెయ్యాలి. పొద్దున సుత్తితో నట్టు తల మీద నాలుగు చిన్న దెబ్బలు వేస్తే తుప్పు పట్టు సడలుతుంది. ఆరు పలకల బాక్స్ పానాయే వాడాలి, పన్నెండు పలకలది నట్టు మూలలు తినేస్తుంది. కొద్దిగా విప్పడం, మళ్ళీ బిగించడం, ఇంకొద్దిగా విప్పడం. మొండికేసిన నట్టును నూనె పూర్తిగా తుడిచేసి గ్యాస్ మంటతో ఎర్రబడేదాకా కాల్చి, చుట్టూ కొవ్వొత్తి మైనం తాకిస్తే అది కరిగి మరల సందుల్లోకి దిగిపోతుంది. నూనె పోసి మంట పెట్టడం మాత్రం పనికిరాదు. చివర్ల నుంచి మధ్యకు విప్పుకుంటూ రావాలి, బిగించేటప్పుడు మధ్య నుంచి చివర్లకు పోవాలి. స్టడ్డు విరిగితే కంగారుపడి డ్రిల్ పట్టుకోవద్దు. విరిగిన మొదలు పైకి కనిపిస్తుంటే దాని మీద కొత్త నట్టు పెట్టి లోపలినుంచి వెల్డ్ చేస్తారు. ఆ వేడికే తుప్పు పట్టు వదిలి చాలాసార్లు పానాకు తిరిగివచ్చేస్తుంది.

బయటికి తీశాక పగులు ఎంత దూరం పోయిందో తెలుసుకోవాలి. కంటికి రెండంగుళాలు కనిపించే పగులు నిజానికి మూడంగుళాలు ఉండొచ్చు. దానికి పాతకాలపు పద్ధతి ఒకటుంది. మసీ తుప్పూ వదిలేలా వైర్ బ్రష్‌తో రుద్ది, కిరోసిన్ పట్టించి పది నిమిషాలు ఆగి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి చల్లితే పగుల్లో దాక్కున్న కిరోసిన్ పైకి ఊరి తెల్లటి పొడి మీద తడి గీత తేలుతుంది. ఒకప్పుడు రైలు ఇరుసుల పగుళ్ళను నూనెతో, సుద్దతో ఇలాగే పట్టేవారు. ఆ గీత రెండు చివర్లలో మూడు మిల్లీమీటర్ల రంధ్రాలు వేస్తే పగులు ఇక ముందుకు పాకదు. సన్నటి మొన దగ్గర గుమిగూడే ఒత్తిడి గుండ్రటి అంచు చుట్టూ చెదిరిపోతుంది.

అది ఏ లోహమో తేల్చుకోవడం తర్వాతి పని. గ్రైండర్‌కు తాకించి నిప్పురవ్వలు చూస్తే సరిపోతుంది. పోత ఇనుము రవ్వలు పొట్టిగా, మందమైన ఎరుపులో వస్తాయి. స్టీలువి పొడుగ్గా, తెల్లగా, కొసల్లో చిట్లుతూ వస్తాయి. మామూలు స్టీలులో కార్బన్ ఒక శాతంలో నాలుగో వంతు కూడా ఉండదు. తెలంగాణలోని కోనసముద్రం కమ్మరులు ఒకప్పుడు మూసల్లో కరిగించిన ఉక్కులో అది సుమారు ఒకటిన్నర శాతం. పోత ఇనుములో మూడు, మూడున్నర. ఆ ఎక్కువ కార్బన్ గ్రాఫైట్ రేకులుగా లోపల పరుచుకుని ఉంటుంది కాబట్టే ఈ ఇనుము వంగదు, విరుగుతుంది. వెల్డ్ చేసిన చోట గబుక్కున చల్లారితే ఆ కార్బన్ ఇనుముతో కలిసి గాజంత పెళుసైన పొర కడుతుంది. ఆకురాయి కూడా దాని మీద జారిపోతుంది. మామూలు స్టీలు రాడ్‌తో అతికిన మానిఫోల్డు రెండో రోజే అతుకు పక్కన కొత్తగా పగలడానికి కారణం ఇదే.

అందుకు నికెల్ రాడ్ కావాలి. పూర్తి నికెల్‌ది మెత్తగా ఉండి లేత్ మీద సులువుగా తెగుతుంది. మానిఫోల్డుకు నికెల్, ఇనుము దాదాపు సగం సగం ఉన్న రాడ్ మేలు, ఎందుకంటే దాని బలమూ ఎక్కువే, వేడికి పెరిగే తీరూ పోత ఇనుముకు దగ్గరగా ఉంటుంది. పగులు వెంట మందంలో మూడింట రెండు వంతుల దాకా వి ఆకారంలో గాడి తీయాలి. గాడి తీశాక మంటతో ఒకసారి కాల్చితే ఇనుము పీల్చుకున్న నూనె పొగై పోతుంది. బ్రేక్ క్లీనర్ లాంటి స్ప్రేలతో తుడిచి వెంటనే ఆర్క్ కొట్టకండి, క్లోరిన్ ఉన్న రకాల నుంచి విషవాయువు పుడుతుంది. తర్వాత మొత్తం ముక్కను బొగ్గుల మీద సమంగా 250, 300 డిగ్రీల దాకా వేడి చెయ్యాలి. చీకట్లో ఎర్రగా కనిపిస్తోందంటే 500 దాటిపోయినట్టే, మంట తగ్గించాలి. అంగుళం కంటే ఎక్కువ ఒక్కసారి లాగకూడదు. అంగుళం వేసి, అది ఎర్రగా ఉండగానే గుండుసుత్తితో తేలిగ్గా తట్టాలి. చల్లారుతూ ముడుచుకునే లోహాన్ని ఆ దెబ్బలు సాగదీసి లాగుడును చంపేస్తాయి. తర్వాతి అంగుళం దాని పక్కనే కాదు, దూరంగా వేరే చోట. ఇత్తడి అతుకు చవక, నున్నగా కనిపిస్తుంది, ఇంజిన్ బ్లాకు మీదైతే పర్వాలేదు. ఎర్రగా కాలే మానిఫోల్డు మీద బలం కోల్పోతుంది. ఎం-సీల్ సంగతి చెప్పనక్కర్లేదు.

ఇక వేడిని దించడం. వరి పండే ఈ చుట్టుపక్కల ఊళ్ళలో దీనికి చేతిలోనే మందుంది. రైసుమిల్లు బాయిలర్ల నుంచి గుట్టలుగా వచ్చే ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికానే. తేలికగా, గుల్లగా ఉండి వేడిని బయటికి పోనివ్వదు. ఉక్కు కర్మాగారాల్లో కరిగిన ఉక్కు చల్లారకుండా పైన కప్పడానికి ఇదే బూడిద కొంటారు. డబ్బాలో జానెడు మందం పొడి బూడిద పరిచి, వెల్డ్ చేసిన మానిఫోల్డును వేడి మీదే పడుకోబెట్టి, పైన ఇంకో జానెడు కప్పి రాత్రంతా వదిలేస్తే నిదానంగా చల్లబడుతుంది. బూడిద తడిగా మాత్రం ఉండకూడదు. చూద్దామని మధ్యలో తవ్వేవాళ్ళకు ఈ పని అబ్బదు.

మర్నాడు హెడ్‌కు ఆనే ముఖం మీద ఉక్కు స్కేలు పెట్టి కింద ఫీలర్ గేజ్ దూర్చి చూడాలి. మిల్లీమీటరులో ఒకటి రెండు పదో వంతుల కన్నా ఎక్కువ సందు దొరికితే ముఖం వంగినట్టు. దాన్ని హెడ్‌లు చెక్కే మెషీన్ దగ్గరికి పంపాల్సిందే. వంగిన ముఖాన్ని నట్లతో లాగి కూర్చోబెడితే మొదటి పగులు కథే మళ్ళీ. ప్యాకింగ్ ఎప్పుడూ కొత్తదే వెయ్యాలి. స్టడ్లు కొత్తవి వేసి, మరలకు వేడికి తట్టుకునే గ్రీజు రాస్తే ఈసారి విప్పేవాడు దణ్ణం పెడతాడు. బిగువు మాన్యువల్ చెప్పినంతే.

ఈ విద్యకు హద్దులున్నాయి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 కార్లు చాలావాటిలో క్యాటలిటిక్ కన్వర్టర్ మానిఫోల్డును ఆనుకునే ఉంటుంది, కొన్నిటిలో రెండూ ఒకటే ముక్క. ఆక్సిజన్ సెన్సర్‌కు ముందు చిన్న పగులున్నా బయటి గాలి లోపలికి లాగబడి సెన్సర్ తప్పు లెక్క చెబుతుంది. కంప్యూటర్ నమ్మి పెట్రోలు ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది. అక్కడ కొత్త భాగం వేయించుకోవడమే తెలివి. ముక్కలు ఊడిపోయినవీ, రెండోసారి అదే చోట పగిలినవీ అంతే. ఏ బండి అయినా పగులుతో నడపడం మాత్రం చెడ్డ బేరం. దాంట్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. కిటికీలు మూసి ఏసీ వేసుకున్న కారులోకి చేరితే తలనొప్పితో మొదలై ప్రాణం దాకా పోతుంది.

ట్రాక్టర్లకూ పాత జీపులకూ డీజిల్ అంబాసిడర్లకూ ఈ పద్ధతి ఇప్పటికీ సరిగ్గా సరిపోతుంది. డీజిల్ పొగ పెట్రోలు కంటే చల్లన, అతుకు మీద భారం తక్కువ. పాత మోడల్ మానిఫోల్డు షాపుల్లో దొరకనప్పుడు విజయవాడ ఆటోనగర్ దాకా వెతికించే బదులు ఒక రాత్రి బూడిదలో పెట్టడం లాభం. మానిఫోల్డు బిగించి ఇంజిన్ స్టార్ట్ చేసే ముందు బండి కిందకి దూరి సైలెన్సర్ పట్టుకుని ఊపి చూడండి. వేలాడుతుంటే ఆ రబ్బరు అప్పుడే మార్పించండి.