ఒకే పెట్టెలో రెండు ఉడుములు

అమెరికాలోను, ఐరోపాలోను సరీసృపములను ముచ్చటకు పెంచుకొనువారు పెక్కుమంది కలరు. వారు కొనువానిలో ఆఫ్రికా గడ్డిమైదానములకు చెందిన సవానా ఉడుము ఒకటి. పిల్లగా నున్నప్పుడు అరచేతిలో ఇముడును. పెరిగినచో తోకతో కలిపి ఇంచుమించు మీటరు పొడవగును. ఒంటరి పిల్ల బెంగపెట్టుకొనునని తలచి కొందరు రెండింటిని తెచ్చి ఒకే గాజుపెట్టెలో ఉంచుదురు. ఒకదానిపై ఒకటి పడుకొనుచున్నవి గనుక స్నేహముగానే ఉన్నవని వారి సమర్థన. మన ఉడుమును పట్టి పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. ఐనను జంతువును మనిషి కొలబద్దతో కొలుచుట యెట్టిదో తరగతిలో చూపుటకు ఈ వాదము పనికివచ్చును.

ఉడుము శీతరక్త జంతువు. దానికి వేడి వెలుపలినుండి రావలెను. పెట్టెలో దీపము క్రింద వెచ్చని చోటు ఒక్కటే యున్నప్పుడు రెండును అక్కడికే చేరును. రద్దీ బస్సులో ఒక సీటుపై ఇరుకుగా కూర్చున్న ఇద్దరిని చూచి ప్రాణస్నేహితులని ఎవరైన అందురా? పైనున్న ఉడుముకు వేడి దొరకును. క్రిందిది దాని నీడలో ఉండిపోవును. కొన్నాళ్లకు బలహీనమైనది ఆ చోటు వదలి మూలకు చేరును. ఒడలు వేడెక్కనిదే తిన్నది సరిగా అరగదు. ఒక్క గాటైనను పడకుండగనే అది చిక్కిపోవును. యజమాని మాత్రము పోట్లాట లేదని సంతోషించుచుండును.

పోట్లాట లేకపోవుట కూడ కొంతకాలమే. పిల్లలలో ఆడ మగ భేదము పైకి తెలియదు. రెండును మగవైనచో పెరిగిన పిమ్మట కలియబడును. ఆహారపు వాసన తగిలినప్పుడు ఉడుము ఎదుట కదలినదానిని కరచును. అది తోటి ఉడుము కాలివేలైనను కావచ్చును. ఇంటి బల్లి తోక తెంపుకొని పారిపోవును, మరల మొలిపించుకొనును. ఉడుముకు ఆ సౌకర్యము లేదు. పోయిన తోక పోయినట్లే.

అడవిలో ఉడుములు ఒకే కళేబరము చుట్టు చేరవా అని అడుగవచ్చును. చేరును. వాల్టర్ ఆఫెన్‌బర్గ్ 1969లో ఇండోనీషియాలోని కొమొడో దీవికి పోయి, నెలల తరబడి అక్కడ నుండి, తాను చూచినదంతయు 1981లో గ్రంథముగా ప్రకటించెను. కళేబరము వద్ద పెద్దదానిదే పెత్తనము. చిన్నవి వేచియుండవలెను. పెద్దవి పిల్లలను తినును గనుక పిల్లలు చాలకాలము చెట్లపై గడపును. గాజుపెట్టెలో ఆ చెట్టు లేదు.

ఇంతకంటె గట్టి ఆక్షేపణ ఒకటి కలదు. మగదానిని ఎన్నడు నెరుగని ఫ్లోరా అను కొమొడో ఉడుము ఇంగ్లండులోని చెస్టర్ జంతుప్రదర్శనశాలలో గ్రుడ్లు పెట్టగా అవి ఫలించెను. లండనులోని సుంగై యును అట్లే చేసెను. ఈ అనిషేకజననమును 2006లో 'నేచర్' పత్రికలో ప్రకటించిన శాస్త్రజ్ఞులు, జన్యు వైవిధ్యము తగ్గకుండుటకై ఆడ మగలను కలిపి యుంచవలెనా అని ప్రశ్నించిరి. అంతరించు జాతిని కాపాడు సంస్థకు ఆ ప్రశ్న సమంజసమే. అట్టిచోట విడదీయుటకు వేరు గదులు, కనిపెట్టియుండు మనుష్యులు, వైద్యులు ఉందురు. ఇంటి పెట్టెలో అవి ఉండవు. అక్కడ మగది ఆడదానిని విడువక వెంటాడును. గ్రుడ్లు పెట్టుటకు లోతైన మన్ను లేనిచో ఆడది వానిని కడుపులోనే నిలుపుకొని చచ్చుటయు కలదు.